పాయింట్ల బల్ల

బొమ్మ రైళ్ళకి పట్టాలు చేసే మా కంపెనీని పెద్దాయన అమ్మేసిన ఎండాకాలంలోనే, నా తోడికోడలు నాకంటే పెద్దదైపోయింది.

వయసులో చాలా చిన్నది. మా మరిదిని చేసుకుని మా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు దానికి స్క్రూడ్రైవర్ ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియదు. నేనే కంపెనీకి వెంటబెట్టుకెళ్ళి, నా పక్కన కుర్చీ వేయించి పని నేర్పాను. మా అత్తగారు ఇంట్లో నన్ను పెద్దది అనీ, దాన్ని చిన్నది అనీ పిలిచేది. కంపెనీలో దానికి ఆ పేరే ఖాయమైంది. నన్ను మాత్రం అక్కడ అందరూ ఆకురాయి అక్క అనేవారు.

మేం చేసే పట్టాలు పిల్లలు తాడు కట్టి లాగే రైళ్ళకి కాదు. అసలు రైలుకి నకలు తీసినట్టుండే చిన్న రైళ్ళుంటాయి, కరెంటుతో నడుస్తాయి. కొనేవాళ్ళు చాలామంది తల నెరిసినవాళ్ళే. ఇంట్లో ఒక గదంతా కొండలూ స్టేషన్లూ కట్టుకుని అందులో రైళ్ళు తిప్పుకుంటారు. పట్టా కింద అడ్డంగా ఉండే నల్లటి ప్లాస్టిక్ స్లీపర్లలోకి సన్నటి లోహపు పట్టా దూర్చడం ఎవరికైనా వచ్చేస్తుంది. కష్టమంతా పాయింటు దగ్గరే. ఒక దారి రెండుగా చీలే చోట ఉండే ముక్కని పాయింటు అంటాం. ఆ చీలిక దగ్గర చక్రం అంచు దూరి పోవడానికి ప్లాస్టిక్‌లో సన్నటి గాడి ఉంటుంది. అది వెంట్రుకవాసి ఇరుకైనా ఇంజను ఎగిరి పక్కన పడుతుంది.

మా పాయింట్ల గాడి అచ్చులోంచి ఇరుకుగానే వచ్చేది. నేను సన్న ఆకురాయి పెట్టి లాగి, పొడి ఊది, వేలిగోరు నడిపి చూసుకుని పెట్టెలో పెట్టేదాన్ని. పక్కనున్న చిన్నది రైలుని ఇటో అటో మళ్ళించే సన్నటి బ్లేళ్ళు బిగించి, తీగలు అతికేది. మా బల్ల మీంచి వెళ్ళిన పాయింటు తిరిగి వచ్చిన పాపాన పోలేదు. ఎవరైనా కంపెనీ చూడ్డానికొస్తే పెద్దాయన మిషన్లన్నీ దాటించి తిన్నగా నా దగ్గరికే తీసుకొచ్చేవాడు. "చూడండి, ఈవిడ చేతిలో ఉంది మా పేరంతా," అనేవాడు. అలాంటప్పుడు చిన్నది తలొంచుకుని తీగలు అతుక్కుంటూ ఉండేది. నేను దాని మొహం చూసేదాన్ని కాదు, నన్ను చూస్తున్నవాళ్ళ మొహాలు చూసుకోవడమే సరిపోయేది.

ఎండలు ముదురుతుండగా ఒకరోజు పెద్దాయన మిషన్లు ఆపించి అందరినీ పిలిచాడు.

"అమ్మాయిలూ, నాకు చూపు తగ్గిపోతోంది. నా తర్వాత దీన్ని పట్టించుకునేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. బొమ్మల కంపెనీవాళ్ళు తీసుకుంటున్నారు. పట్టాలు మాత్రం ఆపొద్దని మాట తీసుకున్నాను," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

కొత్త కంపెనీ తరఫున వచ్చిన క్వాలిటీ మేనేజరు పొడుగ్గా, వాసంలా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలుండేది. కనబడ్డ ప్రతిదాన్నీ కొలవందే ఉండలేకపోయేవాడు. వచ్చిన పూటే అతనికి కొలబద్ద అని పేరు పడిపోయింది. ఒక్కొక్కరినే ఆఫీసు గదిలోకి పిలిచి మాట్లాడాడు.

"మీ సరుకులో లోపం ఏంటమ్మా?" అని అడిగాడు నన్ను.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లోపమా? మా పాయింటుకి వంక పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు సార్."

"ఏమీ లేదంటారు."

"ఏమీ లేదు."

"సరే, వెళ్ళండి," అన్నాడు నవ్వి.

నా తర్వాత చిన్నది వెళ్ళింది. మేం టీ తాగాం, గ్లాసులు కడుక్కున్నాం, ఎవరెవరికి ఏం చెప్పాడో చెప్పుకున్నాం. అది బయటికి రాలేదు. గాజు తలుపులోంచి చూస్తే చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది. ఇంట్లో ఉలకదు పలకదు. కాఫీ కావాలా అంటే తలూపుతుంది, అంతే. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషికి అక్కడ అన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో!

"ఏం అడిగాడే అంతసేపు?" అన్నాను బయటికొచ్చాక.

"ఏవేవో అడిగాడక్కా," అంది. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

కొద్దిరోజుల్లోనే తెలిసిపోయింది. అచ్చులూ మిషన్లూ ఊరవతల వాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్తాయట. అక్కడ సరుకు తనిఖీ చూసుకోవడానికి ఇక్కణ్ణుంచి ఒక్కరినే తీసుకుంటున్నారట. మిగతావాళ్ళని పని కుదురుకున్నాక పిలుస్తారట. కొలబద్ద ఇదంతా చెప్పి, ఆ ఒక్కరూ ఎవరో చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి నా భుజం మీదుగా వెళ్ళి చిన్నదాని దగ్గర ఆగింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టానని తర్వాత ఎవరో అన్నారు.

అప్పటిదాకా పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సులో, ఒక్క డబ్బాలో అన్నం పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు దానికోసం వీధి చివరికి వ్యాను వచ్చేది. జేబు మీద కంపెనీ గుర్తు కుట్టిన నీలం కోటు ఒకటి ఇచ్చారు. దాన్ని ఇస్త్రీ చేసి, ముందు గదిలో కుర్చీ వీపుకి తగిలించేది. ఇంట్లోకి ఎవరొచ్చినా ముందు ఆ కోటునే చూసేవారు. నేను దాన్ని తీసి లోపల కొక్కేనికి తగిలించేదాన్ని. కాసేపటికి అత్తగారు మళ్ళీ తెచ్చి కుర్చీకి తగిలించేది.

"పెద్దదానా, చిన్నదానికి డబ్బా కట్టావా? పాపం, రోజంతా నిలబడి చేసే ఉద్యోగం."

"నేనిన్నాళ్ళూ కూర్చుని చేశాగా, అందుకే అది ఉద్యోగం కాలేదు."

"ఏమన్నావే?"

"కట్టానన్నాను అత్తయ్యా."

ఒకరోజు దాని డబ్బాలో కూరకి ఉప్పు రెండోసారి పడింది. మరిచిపోయి వేశానో, మరిచిపోయినట్టు వేశానో నాకే తెలియదు. సాయంత్రం వచ్చి, డబ్బా తనే కడిగి బోర్లించి, "కూర బాగుందక్కా," అంది. ఉప్పు కషాయమని అని ఉంటే నాకు అంత మండేది కాదు. కోటు దానిదే, వ్యాను దానిదే, ఆఖరికి మంచితనం కూడా దానిదేనా!

మా ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఎవరి మొహంలో ఏ శబ్దం వస్తోందో ఇట్టే పట్టేస్తాడు.

"పొయ్యి వెలిగించడం దండగే. గిన్నె నీ నెత్తిన పెడితే చాలు, ఉడికిపోతుంది," అన్నాడు.

"మీకేం! తమ్ముడి పెళ్ళాం మేనేజరైంది. కాలరెగరేసుకు తిరగండి."

"మేనేజరు కాదే, తనిఖీ."

"ఏదో ఒకటి. నాది గిన్నెల తనిఖీ."

అతను నవ్వాపుకోలేక చెయ్యి కడుక్కునే వంకతో లేచిపోయాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఖాళీగా కూర్చుంటే నా వేళ్ళు వాటంతట అవే కదిలేవి. చాప అంచు దొరికితే దాన్నే గోరుతో గీస్తూ ఉండేదాన్ని. ఆ సమయానికి చిన్నది ఏం చేస్తూ ఉంటుందో ఊహించుకునేదాన్ని. నేను ఊహించుకున్న ఫ్యాక్టరీలో అందరూ దాని చుట్టూ నిలబడి ఉండేవారు.

ఎండలు నడిమికొచ్చాక కొత్త ఫ్యాక్టరీ పట్టాలు బజారులోకి వచ్చాయి. మా సరుకు అమ్మే కొట్టు ఒకటి పెద్ద వీధిలో ఉంది. కొట్టాయన నాకు ఎప్పట్నుంచో తెలుసు. కుట్టుదారం కొనాలని ఇంట్లో చెప్పి, దారం కొట్టు దాటుకుని అక్కడికి వెళ్ళాను.

"సమయానికి వచ్చావమ్మా, ఇటు రా!" అన్నాడు నన్ను చూడగానే. బల్ల మీద అట్టపెట్టెల కుప్ప ఉంది, అన్నీ విప్పినవే. "ఇవన్నీ వెనక్కొచ్చినవి. డబ్బా మీద పేరు అదే, బొమ్మ అదే. లోపల సరుకు చూడు."

పాయింటు ఒకటి తీసి, పట్టాకి తగిలించి, ఇంజను వదిలాడు. ఇంజను బుద్ధిగా వచ్చింది, చీలిక దగ్గర చిన్న రాయి తగిలినట్టు ఎగిరి, పక్కకి ఒరిగిపోయి, చక్రాలు గాల్లో తిప్పుకుంటూ పడుంది. ఇంకో ముక్క పెట్టాడు. అదీ అంతే.

"పళ్ళ డాక్టరుగారు నిన్న నా మీద కేకలేసి వెళ్ళారు. స్టేషన్ మధ్యలో రైలు పడిపోయిందట. మీరంతా ఉన్నప్పుడు ఇలా ఉండేదా?"

"తనిఖీ ఎవరో మరి," అన్నాను.

నా కడుపు చల్లబడింది. ఇంటికి నడిచొస్తుంటే నెత్తిన అంత ఎండ ఉన్నా తెలియలేదు. దారం కొనడం మరిచిపోయాను.

ఆ సాయంత్రం చిన్నది మొహం వేలాడేసుకుని వచ్చింది. కోటు ముందు గదిలో పెట్టకుండా లోపలికి పట్టుకుపోయింది. నేను దానికి కూర మారు వడ్డించాను, మంచినీళ్ళు చేతికి అందించాను. "అలిసిపోయావే, తొందరగా పడుకో," అన్నాను. అంత ప్రేమగా నేను ఆ ఎండాకాలం మొత్తంలో మాట్లాడలేదు. అత్తగారు తినడం ఆపి నా వంక అనుమానంగా చూసింది.

రెండు రోజులకి నాకు కబురొచ్చింది. చిన్నది చెప్పలేదు, కొలబద్దే ఫోన్ చేశాడు. "మీరు ఒక్కపూట వచ్చి వెళ్ళాలమ్మా. పాయింట్ల సంగతి చూడాలి. వ్యాను పంపిస్తాను."

ఎప్పుడూ లేనిది నేనూ బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. వ్యానులో చిన్నది నా పక్కనే కూర్చుంది. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. నేను మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. 'ఇప్పటికైనా తెలిసిందా సార్?' అనాలా, 'ఏం చేస్తాం సార్, చిన్నపిల్ల' అనాలా? రెండోదే బాగుందనిపించింది.

కొత్త ఫ్యాక్టరీ పొడవాటి హాలు, నీడలు పడకుండా దీపాలు, నేల మీద కాలు పెట్టాలంటే మొహమాటమేసేంత శుభ్రం. మూలగా మా పాత పాయింట్ల బల్ల కనబడింది. దాన్ని కూడా పట్టుకొచ్చారని నాకు తెలియదు. నా వైపు అంచు మీద ఆకురాయి రాపిడికి పడ్డ గుంట అలాగే ఉంది.

"కూర్చోండి. ముందు ఆకురాయి ముట్టుకోకుండా, అచ్చులోంచి వచ్చింది వచ్చినట్టే బిగించండి," అన్నాడు కొలబద్ద.

బిగించాను. ఇంజను వదిలాడు. చీలిక దగ్గర ఎగిరి పడింది. మళ్ళీ బిగించాను, మళ్ళీ పడింది. కొట్లో చూసినట్టే, అచ్చంగా అలాగే. కాకపోతే ఇప్పుడు బిగించిన చేతులు నావి.

"ఆకురాయితో రాయకపోతే ఎలా నడుస్తుంది సార్?" అన్నాను.

"నడవదు. అచ్చులో ఆ గాడి కోసం ఉండే ఇనుప అంచు ఎప్పుడో అరిగిపోయింది. ఈవిడ మొదటిరోజే చెప్పారు." చిన్నదాని వైపు చూపించాడు. "'అచ్చు పాడైపోయింది సార్, మా అక్క చెయ్యి దాన్ని బయటికి తెలియనివ్వడం లేదు, అక్క లేకుండా ఆ అచ్చుతో చేస్తే ఒక్క ముక్క నడవదు' అన్నారు. కొత్త అచ్చు తయారయ్యేదాకా పాయింట్లు అమ్మొద్దని ఇక్కడా పోట్లాడారు. అమ్మకాలవాళ్ళు ఆగలేదు."

నేను చిన్నదాని వైపు చూశాను. అది నేల చూస్తోంది.

"కొత్త అచ్చు కోస్తున్నారు," అన్నాడు కొలబద్ద. "గాడి ఎంత వెడల్పుండాలో పాత కాగితాల్లో ఉంది. మూలలు ఎలా తిరగాలి, లోపలికి ఎంత వాలుండాలి, అది మీ చేతికే తెలుసు. మీరు ఎప్పుడూ చేసినట్టే కొన్ని ఆకురాయితో రాసివ్వండి. వాటిని భూతద్దం కింద కొలిచి, ఆ ప్రకారం ఇనుములో కోయిస్తాం. ఆ తర్వాత రాయాల్సిన పనే ఉండదు."

ఆకురాయి నా ముందు పెట్టి అవతలికి వెళ్ళాడు. చిన్నది మాత్రం అక్కడే నిలబడింది.

మొదటి ముక్క తీసుకున్నాను. నా చేతి ఒడుపు ఇనుములోకి వెళ్ళిపోతుంది. ఇక ఎవరు మిషను మీట నొక్కినా నా పాయింటే ఊడిపడుతుంది, నేను అక్కర్లేదు. ఇంకో రెండుసార్లు ఎక్కువ లాగితే ఏమవుతుంది? గాడి వదులవుతుంది. అద్దం కింద ఆ వదులే కొలుస్తారు, అలాగే కోస్తారు. అప్పుడు మాట పడేది నేను కాదు. కొత్త అచ్చు కావాలని పోట్లాడినవాళ్ళ మీదే పడుతుంది.

చిన్నది నా చేతినే చూస్తోంది. దానికి తెలుసు, ఎక్కడ ఆగాలో నేను చెప్పగా విన్నదే. ఆపమని కానీ, చూసి రాయమని కానీ ఒక్క మాట లేదు.

లాగాను. ఎప్పుడూ ఆగే చోట చెయ్యి ఆగింది. ఊదాను, గోరు నడిపి చూశాను, పక్కన పెట్టాను. రెండోది తీసుకున్నాను.

కొలబద్ద వచ్చి ఇంజను వదిలాడు. అది చీలిక దాటి, అసలక్కడ చీలిక ఉందని తెలియనట్టు సాగిపోయింది.

ఆ సాయంత్రం మేడమీద ఆరిన బట్టలు తీస్తుంటే చిన్నది పైకొచ్చింది. దుప్పటి చెరో అంచు పట్టుకుని మడతపెడుతున్నాం.

"నాతో ఎందుకు చెప్పలేదే? పాయింట్లు పాడవుతాయని తెలుసు, ఎందుకో తెలుసు. ఇంట్లో అందరూ తప్పు నీదే అనుకుంటుంటే నోరు కుట్టేసుకున్నావా?"

"అందరూ అనుకోలేదక్కా, నువ్వే అనుకున్నావు."

నేను నా అంచు వదిలేశాను. అది వంగి దుప్పటి తీసి దుమ్ము దులిపింది.

"చెప్తే నువ్వు ఊరుకునేదానివా? నా పాయింటుకి వంక పెడతావా అని చీపురు తిరగేసేదానివి. ఇంకోటి కూడా ఉంది." దుప్పటి అంచు మళ్ళీ నా చేతికి అందించింది. "నీ పక్కన కూర్చుని అన్నేళ్ళు చేశాను. బ్లేళ్ళు నేను బిగించాను, తీగలు నేను అతికాను. ఎవరొచ్చినా నీ చెయ్యే చూసేవారు. పెద్దాయనకి నా పేరు కూడా గుర్తుండేది కాదు, ఆకురాయి అక్క పక్కమ్మాయి అనేవాడు. అచ్చు అరిగిపోయిందని మొదట కనిపెట్టినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో తెలుసా? అచ్చు బాగుంటే ఈవిడ గొప్ప ఏముంటుంది అనుకున్నాను. ఆ కొలబద్ద లోపమేంటని అడిగేసరికి ఆ కసంతా కక్కేశాను. నీ గురించి మంచిగానే చెప్పాను. కానీ మంచి చెయ్యాలని చెప్పలేదు."

ఇన్నాళ్ళూ కుళ్ళంతా నా ఒక్కదాని సొత్తే అనుకున్నాను. ఇదేమో నాకంటే ఏళ్ళ ముందే మొదలుపెట్టింది! అందులో కూడా నాకంటే ముందే ఉందని, ఆ క్షణంలో నాకు నిజంగానే ఒళ్ళు మండింది. అంతలోనే నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతావు?" అంది ఉక్రోషంగా.

"కూరలో ఉప్పు రెండోసారి పడింది ఆ రోజు."

"తెలుసు. సగం పారబోశాను."

కింద నుంచి అత్తగారు కేకేసింది. "దుప్పటి మడతకి ఇద్దరెందుకే? ఒకత్తి కిందికి రండి!"

మేమిద్దరం దిగాం.

తొలకరి పడే వేళకి కొత్త అచ్చు వచ్చింది. మా పాత బల్లని వాళ్ళు ఏం చేశారో నేను అడగలేదు. నన్నూ ఇంకొందరినీ పనిలోకి పిలిచారు. నాకిచ్చింది బిగింపు పని, ఇదివరకు చిన్నది చేసిందే. తనిఖీకి పెట్టెలు వెళ్ళేది దాని ముందుకే. కావాలంటే వేరే విభాగంలో వేస్తానని కొలబద్ద అన్నాడు. వద్దన్నాను.

ఇద్దరం ఒకే వ్యాను ఎక్కడం మొదలయ్యాక ఇంట్లో పొద్దుటి వంట మా ఆయన నెత్తిన పడింది. మరిది గిన్నెలు తోముతున్నాడు. "కంపెనీ అమ్మింది వాళ్ళు, అమ్ముడుపోయింది మనం, అన్నయ్యా," అంటుంటాడు. అత్తగారు ఇద్దరి పనికీ వంకలు పెట్టడంలో తీరిక లేకుండా ఉంది.

మొదటిరోజు నా పెట్టె తనిఖీకి వెళ్ళింది. చిన్నదాని ముందు వరసలో నిలబడ్డాను, అందరితోపాటే. చిన్నది పాయింట్లు ఒక్కొక్కటే తీసి, దీపం కింద తిప్పి, కొలత సరిచూసే గేజి వేసి చూసింది. మూడు తీసి పక్కన పెట్టింది.

"బ్లేడు వదులుగా ఉందక్కా," అంది మెల్లగా, వెనకవాళ్ళకి వినబడకుండా.

ఆ మూడూ తీసుకుని చూశాను. వంక పెట్టడానికి ఏమైనా దొరుకుతుందా అని గట్టిగానే చూశాను. దొరకలేదు. అది చెప్పింది నిజమే. అప్పుడు మిగతా ముక్కల బ్లేళ్ళ మీద గోరు నడిపి చూశాను. వాటిలోంచి ఒకటి తీసి దాని ముందు పెట్టాను.

"ఇదీ పోవాలి."

"గేజి పడింది కదా?"

"పడుతుంది. ఇంజను వదిలి చూడు."

వదిలింది. ఇంజను ఆగలేదు, పడలేదు. చీలిక దగ్గర మాత్రం నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్లలా ఒక్కసారి అదిరి ముందుకు పోయింది. చిన్నది ఇంకోసారి వదిలి చూసింది. తర్వాత దాన్ని కూడా ఆ మూడింటి పక్కన పెట్టింది.

సాయంత్రం తలుపు తీస్తూనే అత్తగారు అడిగింది. "ఎలా చేశారే కొత్త పని?"

"హాలు మొత్తానికి ఎక్కువ తప్పులు అక్క పెట్టెలోనే," అంది చిన్నది చెప్పులు విడుస్తూ.

"అందులో ఒకటి నేను పట్టుకున్నది," అన్నాను.